ఎవరి ముడి వాళ్ళే విప్పాలి

ఆ రోజు ఉదయం అధ్యక్షుడుగారు పెట్టుకున్న పనులు చాలా సాదాసీదావి. గడ్డం గీసుకోవాలి, కోటు దులుపుకోవాలి, ఉపన్యాసం బట్టీ పట్టాలి, సాయంత్రం వీధి మధ్యన నిలబడి దాన్ని అప్పజెప్పాలి. ఆయన వృత్తి బీమా ఏజెంటు. వీధి సంఘానికి అధ్యక్షుడు కావడం సరదా కొద్దీ చేస్తున్న పని. పోటీకి ఎవరూ రాకపోవడం వల్ల ఏటా ఏకగ్రీవంగా ఎన్నికవుతూ, అదంతా ప్రజాభిమానమే అని మనస్ఫూర్తిగా నమ్ముతూ వచ్చాడు. పెళ్ళికి కుట్టించుకున్న నల్లకోటు ఒకటి ఆయనకుంది. దాని బొత్తాలకూ కాజాలకూ మధ్య ఎడం ఏడాదికేడాదీ పెరుగుతోంది. అయినా సభ అంటే చాలు, అది ఆయన ఒంటి మీద ఉండాల్సిందే. ఉపన్యాసం కాగితాలు మడిచి ఆ కోటు లోపలి జేబులో పెట్టుకుంటే తప్ప ఆయనకు గొంతు పెగలదు.

కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి "సభాసదులారా" అన్నాడో లేదో ఫోను మోగింది. అవతల భార్య. బళ్ళో లెక్కల టీచరు. సెలవులిచ్చారని తల్లి దగ్గరికి వెళ్ళి ఉంది. ఆయనకొక అలవాటుంది. భార్య మాట్లాడుతున్నంత సేపూ, ఆవిడ సరిగ్గా ఊపిరి తీసుకునే చోట, "ఊఁ" అంటాడు. పెళ్ళైన కొత్తలో అది వింటున్నాననడానికి గుర్తు. ఇప్పుడు ఇంట్లో ఉన్నాననడానికి మాత్రమే గుర్తు.

"మేం పొద్దున బస్సుకే బయల్దేరుతున్నాం. అమ్మ కూడా వస్తోంది."

"ఊఁ." ఆయన పెదవులు మాత్రం అద్దంలోకి చూస్తూ 'ప్రకృతి మాత' అంటున్నాయి.

"ఆర్టిస్టమ్మ ఫోన్ చేసింది. వీధి పందిరిని అమ్మ చేత్తోనే ప్రారంభం చేయిస్తుందట."

"ఊఁ."

"ముందు అమ్మకి దుప్పటి చూపించాలండీ. ఎలా ఉందో ఏమోనని రాత్రంతా ఒకటే కలవరింత."

అధ్యక్షుడి చెవి చప్పున నిక్కబొడుచుకుంది. "ఏ దుప్పటి?"

"ఏ దుప్పటేంటండీ! అమ్మ కుట్టిన అతుకుల దుప్పటి. నే చెప్పిన చోటే ఉంది కదా? భద్రంగానే ఉంది కదా?"

"ఊఁ," అన్నాడాయన. ఈసారి అది గొంతులోంచి కాకుండా కడుపులోంచి వచ్చింది.

ఫోను పెట్టేసి పడగ్గదిలోకి పరుగెత్తి, మంచం కింది పెట్టె బరబరా లాగి మూత తీశాడు. లోపల నాలుగు కలరా ఉండలూ, వాటి వాసనా తప్ప ఏమీ లేవు. ఆయన గుండె జారి ఆ పెట్టెలోనే పడింది.

ఆ దుప్పటి సంగతి చెప్పాలి. మామగారు చనిపోయిన ఏడాది అత్తగారు కుట్టింది. కూతురి చిన్నప్పటి గౌన్లు, మామగారి తపాలా శాఖ ఖాకీ చొక్కాలు, పాత కిటికీ పరదాలు, అన్నీ ముక్కలు చేసి, చేత్తో ఒక్కొక్క అతుకూ వేసి కూతురికిచ్చింది. దాన్ని పరుచుకున్నవాళ్ళు లేరు, కప్పుకున్నవాళ్ళు లేరు. "ఇంటికి నిప్పంటుకుంటే ముందు ఆ పెట్టె బయట పెట్టండి, తర్వాత మీరు రండి," అని భార్య ఒకసారి చెప్పింది. నవ్వుతూ చెప్పలేదు. వీధిలో సైకిళ్ళ దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు కుర్చీ దాకా అన్నిటికీ బీమా చేయించిన మనిషి, బీమాకి లొంగని వస్తువు ఒక్కటే చూశాడు, అది ఈ దుప్పటి.

ఇప్పుడది ఎక్కడుందో ఆయనకు అర్థమైపోయింది. వెళ్ళేముందు భార్య, "తలుపు వెనకున్న సంచి ఆర్టిస్టమ్మకివ్వండి," అంది. ఆయన సంచి విప్పకుండానే పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆర్టిస్టమ్మ అందులోంచి ఏదో అతుకుల గుడ్డ తీస్తుంటే, సరిగ్గా చూడకుండానే, "మా ఇంట్లో అంతకన్నా పాతది దొరకలేదండీ," అని జోకు కూడా వేశాడు. ఆవిడ నవ్వలేదు. ఆ గుడ్డను చెంపకు ఆనించుకుని, తీసుకెళ్ళి వీధి మీద గుడ్డలతో కడుతున్న పందిరికి సరిగ్గా నడిమధ్యన పెట్టింది. అధ్యక్ష పదవికి ఇచ్చిన మర్యాద కాబోలనుకుని ఆయన పొంగిపోయాడు. సంచులు తారుమారయ్యాయి, ఇవ్వాల్సిన పాత నీలం దుప్పటి బదులు ఇది పోయింది, అంతే. "కొంప మునిగింది," అనుకుంటూ కోటు విప్పడం కూడా మర్చిపోయి వీధిలో పడ్డాడు.

వీధిలో పందిరి వెలిగిపోతోంది. నిజం చెప్పాలంటే, అంత బెంగలోనూ తలెత్తి చూసేసరికి ఆయన ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాడు. రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లన్నీ కొట్టేసిన వీధి అది. రోడ్డు వెడల్పు కాలేదు, చెట్లు తిరిగి రాలేదు. ఎండాకాలం ఎదురింటికి వెళ్ళాలన్నా జనం సాయంత్రం దాకా ఆగేవాళ్ళు. అలాంటి చోటికి ఈ ఆర్టిస్టమ్మ వచ్చి, సెలూన్ మీది గదిలో దిగింది. కుంచె లేదు, రంగులు లేవు. పొద్దుటే సుద్దముక్క పట్టుకుని గోడల నీడలు ఎక్కడిదాకా వస్తున్నాయో రోడ్డు మీద గీతలు గీసుకునేది. ఈవిడకు మతి ఉందా అని జనం అనుమానించారు. తర్వాత ఇంటింటికీ వెళ్ళి ఒక్క పాత గుడ్డా, దాని కథా అడిగింది. మంచినీళ్ళిచ్చినవాళ్ళ దగ్గర కూర్చుంది, తలుపేసినవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఇంతకుముందు వేరే ఊళ్ళో పూడిపోయిన కాలువ ఒకటి ఉంటే, జనం చేతే మట్టి తీయించి, ఆ మట్టితోనే ఇంటికో కుండ చేయించి గట్టంతా పేర్చిందట. వానలు వెళ్ళేసరికి ఆ కుండల్లో పిట్టలు కాపురం పెట్టాయట. అది విన్న దగ్గర్నుంచీ వీధిలో ఆవిడ మాటకు ఎదురు లేకుండా పోయింది.

రెండు వైపులా గుంజలు, వాటి మధ్య ఊరందరి గుడ్డలు. పరదాలు, దుప్పట్లు, బల్లగుడ్డలు, తువ్వాళ్ళు, అన్నీ ఒకదాని కొసకు ఒకటి ముడేసుకుని వీధి మీద ఆకాశం లాగా పరుచుకున్నాయి. కింద, ఆ రంగురంగుల నీడలో, వరసగా మొక్కలు. "మొక్కలు ఎదిగి పైదాకా వచ్చేసరికి ఈ గుడ్డలు చివికి వాటి మొదట్లోనే రాలిపోతాయి. ఆ తర్వాత పందిరితో ఎవరికీ పని ఉండకూడదు. అదే దీని పని," అని ఆవిడ చెప్పినప్పుడు అధ్యక్షుడికి ఒళ్ళు పులకరించింది. ఆ మాట ఉపన్యాసంలో తన మాటగా రాసేసుకున్నాడు కూడా.

చిక్కల్లా ఆ ముడితోనే వచ్చింది. ఆర్టిస్టమ్మ నేర్పిన ముడి మామూలు ముడి కాదు. వేసినవాళ్ళు కొసను లోపలికి తమకు తోచిన వైపు దోపేస్తారు. అది ఏ వైపుందో వాళ్ళకే తెలుస్తుంది, ఇంకొకరు లాగితే బిగుసుకుంటుంది. ఎవరి ముడి వాళ్ళే వేయాలి, ఎవరి ముడి వాళ్ళే విప్పాలి, అదీ నియమం. ఈ నియమం మీద ఇంటింటికీ తిరిగి అందరిచేతా చెయ్యెత్తించి ప్రమాణం చేయించిన పెద్దమనిషి మరెవరో కాదు, అధ్యక్షులవారే.

దుప్పటికి నాలుగు కొసలు. ఒకటి తన ముడి. నిచ్చెనేసుకుని దాన్ని విప్పేశాడు. రెండోది పళ్ళ డాక్టరుది, మూడోది వయొలిన్ టీచరమ్మది, నాలుగోది ఒకే ఇంటిని గోడ కట్టి పంచుకున్న అన్నదమ్ములది. నిజం చెప్పి ముగ్గుర్నీ పిలుచుకొస్తే ఇంత కథ ఉండేది కాదు. కానీ నిజం వీధి చివరింటికి చేరేలోపే భార్య చెవిలో పడుతుందని ఆయన భయం. కాబట్టి తలా ఒక అబద్ధం చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

పళ్ళ డాక్టరు పని మీద ఉన్నాడు. కుర్చీలో కిరాణా కొట్టాయన నోరు బార్లా తెరుచుకుని, బుగ్గనిండా దూదితో పడి ఉన్నాడు.

"డాక్టరుగారూ, పందిరిలో మీ తెల్లకోటు మరీ మధ్యలో పడిపోయిందండీ. ఎవరికి కనపడుతుంది చెప్పండి? మీ స్థాయికి వేదిక పక్కన ఉండాలి. పేపరువాళ్ళు ఫొటో తీసేది అక్కడే."

"అబ్బే, నాకలాంటి పట్టింపులేం లేవండీ," అంటూనే డాక్టరు చేతి తొడుగులు పీకేశాడు. "నిచ్చెన ఉందా, నన్ను తెచ్చుకోమంటారా?"

కిరాణా కొట్టాయన ఏదో చెప్పబోయాడు. "మీరు కదలకండి, ఇప్పుడే వస్తా," అని డాక్టరు ఆయన భుజం తట్టి బయటికొచ్చాడు. చిటికెలో ముడి విప్పి, కోటు చంకన పెట్టుకుని వేదిక వైపు నడిచాడు. తిరిగి వెళ్ళేసరికి కుర్చీ ఖాళీ. కిరాణా కొట్టాయన బుగ్గలో దూదితోనే ఇంటికి పరుగెత్తి, నిచ్చెన కోసం వెతుకుతున్నాడు. వేదిక పక్కన చోటు తనకు మాత్రం అక్కర్లేదా?

వయొలిన్ టీచరమ్మ ఇంట్లో పిల్లలందరూ ఒకేసారి వాయిస్తున్నారు. అధ్యక్షుడు గుమ్మంలోనే నిలబడి, వృత్తిలో ఆరితేరిన గొంతుతో మొదలుపెట్టాడు. ఏ పాలసీ అమ్మినా ఆయన మొదటి మాట ఒక్కటే.

"భయపడకండి."

టీచరమ్మ వెంటనే భయపడింది. "ఏమైంది అన్నయ్యగారూ?"

"ఏం లేదమ్మా. మీ పరదా పక్క గుడ్డలో ఒక నల్లి కనపడింది. ఒకటే. కానీ నల్లి సంగతి మీకు తెలుసు కదా, ఒకటొస్తే దాని బంధువర్గం ఊరికే ఉంటుందా? ముందుజాగ్రత్తగా మీ ముడి విప్పేసుకుంటే..."

"అయ్యో అయ్యో! ఎవరిదండీ ఆ గుడ్డ? ఇంత శుభ్రం లేనివాళ్ళు ఎవరు?"

ఆ గుడ్డ తమ ఇంటిదేనని అప్పుడు గుర్తొచ్చి ఆయన నీళ్ళు నమిలాడు. "పేర్లెందుకు లెండి, వాళ్ళూ పెద్దమనుషులే."

ఆవిడ వయొలిన్ కమాను చేత్తో పట్టుకునే నిచ్చెనెక్కి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముడి విప్పింది. పిల్లలకు ఎలాగూ పాఠం ఎగ్గొట్టే అవకాశం దొరికింది కాబట్టి, వయొలిన్లు పడేసి తలా ఒక దిక్కుకు పరుగెత్తి ఇంటింటికీ నల్లుల వార్త చేరవేశారు. వార్త ఇల్లు మారినప్పుడల్లా నల్లులు పిల్లల్ని పెట్టాయి.

ఇక అన్నదమ్ములు. అన్న గడియారాలు బాగుచేస్తాడు, తమ్ముడు కళ్ళజోళ్ళు అమ్ముతాడు. వాళ్ళమ్మ బల్లగుడ్డ ఎవరికి దక్కాలన్న దగ్గర మొదలైన తగువు ఇంటికి అడ్డంగా గోడై లేచింది. మాటల్లేక ఏళ్ళయింది. ఆర్టిస్టమ్మ ఎలా ఒప్పించిందో గాని, ఆ బల్లగుడ్డనే పందిరికి ఇప్పించి, ఇద్దరి చేతా కలిపి ఒకే ముడి వేయించింది. సగం అన్న, సగం తమ్ముడు. వీధి మొత్తం కిటికీల్లోంచి ఊపిరి బిగబట్టి చూసిన ముడి అది. అధ్యక్షుడు ముందు అన్న దగ్గరికి వెళ్ళి, "మీ తమ్ముడు ముడి విప్పేద్దామంటున్నాడు," అన్నాడు. తర్వాత తమ్ముడి దగ్గరికి వెళ్ళి, "మీ అన్నయ్య విప్పేద్దామంటున్నాడు," అన్నాడు. ఇద్దరి మొహాలూ ఒకే రకంగా పాలిపోయాయి. అది చూసి ఆయనకు నాలుక కొరుక్కోవాలనిపించింది, కానీ బస్సు వచ్చే వేళ దగ్గర పడుతోంది.

ఇద్దరూ నిచ్చెనకు చెరో వైపు ఎక్కారు.

"వాణ్ణి కొస పైకెత్తమనండి," అన్నాడు అన్న, ఆకాశం వైపు చూస్తూ.

"ఎత్తే ఉంచానని చెప్పండి. కనపడకపోతే మంచి కళ్ళజోడు పెట్టుకోమనండి."

"వాడి షాపు జోడు పెట్టుకుంటే ఉన్న చూపు పోతుందని చెప్పండి."

"ఆయన బాగుచేసిన గడియారం నమ్ముకునే నా పెళ్ళికి నేను ఆలస్యంగా వెళ్ళానని చెప్పండి!"

"నీ పెళ్ళికి ఆలస్యమైంది గడియారం వల్ల కాదురా, నువ్వు నిద్ర లేవక!"

"నువ్వు లేపితే కదా లేవడానికి!"

ముడి ఎప్పుడు ఊడిందో వాళ్ళిద్దరూ చూసుకోలేదు. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకుంటున్న సంగతీ గమనించలేదు. "అయినా విప్పేద్దామన్నది నువ్వే కదా?" అన్నాడు అన్న. "నేనెందుకంటాను? నువ్వన్నావనే చెప్పాడు ఈయన," అన్నాడు తమ్ముడు. ఇద్దరూ ఒకేసారి కిందికి చూశారు. ఈయన అక్కడ లేడు. దుప్పటి చుట్ట చుట్టి చంకన పెట్టుకుని ఇంటి వైపు ఉడాయిస్తున్నాడు.

కానీ ఇంటికి దారి ఏదీ? వీధి నిండా నిచ్చెనలే. కిరాణా కొట్టాయన బుగ్గ మొద్దుబారి ఉన్నా సైగలతోనే విషయం అందరికీ చెప్పేశాడు. వేదిక దగ్గర చోట్లు హోదా ప్రకారం ఇస్తున్నారని సగం వీధి తమ గుడ్డలు విప్పి ముందుకు మోసుకొస్తోంది. నల్లులు పడ్డాయని మిగతా సగం తమ గుడ్డలు విప్పి వేడినీళ్ళలో ముంచడానికి వెనక్కి మోసుకెళ్తోంది. ముందుకొచ్చేవాళ్ళు, వెనక్కెళ్ళేవాళ్ళు సరిగ్గా అధ్యక్షుడి ఇంటి ముందు గుద్దుకుంటున్నారు. పళ్ళ డాక్టరు నల్లుల మాట వినగానే బిత్తరపోయి, తన తెల్లకోటు తీసుకెళ్ళి పళ్ళ పనిముట్లు మరిగించే డబ్బాలో వేసి మూత బిగించేశాడు.

ఒకరినొకరు లాక్కుని నిలబడ్డ పందిరి అది. మధ్యలో పట్టు పోయాక ఇంకెంత సేపు ఆగుతుంది? ముందు కొంచెం వంగింది, తర్వాత ఒక పెద్ద నిట్టూర్పుతో మిగిలినదంతా కిందికి దిగి, నిచ్చెనల మీదా మనుషుల మీదా పడింది. గుడ్డల కింద తలకాయలు అటూ ఇటూ తిరుగుతూ, "ఎవరది?" "నేనే!" "నేనంటే ఎవరు?" అని కేకలేసుకున్నాయి. నీడ పోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండ తిన్నగా మొక్కల నెత్తిన పడింది. చూస్తూండగానే లేతాకులు తల వాల్చేశాయి.

అప్పుడు వచ్చింది ఆర్టిస్టమ్మ, ఆఖరి మొక్కలు పెట్టుకున్న తోపుడుబండి తోసుకుంటూ. మోచేతుల దాకా మట్టి, నెత్తిన తువ్వాలు. నెలల తరబడి చేసిన పని నేల మీద కుప్పగా పడి ఉంటే ఇంకొకరైతే గుండెలు బాదుకునేవారు. ఆవిడ పందిరి వైపు చూడనైనా లేదు. ముందు మొక్కల దగ్గరికి వెళ్ళి, కూలిన పరదా ఒకటి తీసి వాటి మీద గొడుగులా పట్టుకుని, "ఇటు ఒక చెయ్యి వేయండి," అంది. పక్కనున్నవాళ్ళు సిగ్గుపడి తలా ఒక గుడ్డ ఎత్తి పట్టుకున్నారు. అందరూ మొక్కల మీద గుడ్డలు పట్టుకుని నిలబడ్డాక, "ఇప్పుడు చెప్పండి," అంది.

అందరూ ఒకేసారి చెప్పారు. హోదాలట, నల్లులట, అన్న ముడి విప్పేద్దామన్నాడట, కాదు తమ్ముడట. "ఎవరన్నారు?" అని ఆవిడ ఒక్క మాట అడిగింది. వీధిలో ఉన్న వేళ్ళన్నీ ఒకే వైపు తిరిగాయి.

అధ్యక్షుడు తన ఇంటి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి పోయే దారి లేక, దాచే చోటు లేక, దుప్పటిని పొట్ట చుట్టూ చుట్టుకుని పైన కోటు లాగేసుకున్నాడు. మొహం మీద చెమటలు కాలువలు కడుతున్నాయి. ఆయన నోరు తెరవబోయేంతలో వీధి మొదట్లో బస్సు ఆగింది. భార్యా అత్తగారూ దిగారు.

"ఇదేంటండీ?" అంది భార్య దగ్గరికొచ్చి, పైకీ కిందికీ చూసి. "పందిరి కిందికొచ్చింది, మీ పొట్ట ముందుకొచ్చింది. వారం రోజులు లేకపోతే ఇంత మారిపోతారా?"

"ఊఁ," అన్నాడాయన.

అత్తగారు సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఎనభయ్యో పడిలోనూ సూదిలో దారం కళ్ళజోడు లేకుండా ఎక్కిస్తుంది. అల్లుడి కోటు అంచు కింద వేలాడుతున్న ఖాకీ ముక్క ఆవిడ కంట పడింది. రెండు వేళ్ళతో పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. అల్లుడు బొంగరంలా తిరుగుతుంటే దుప్పటి చుట్టలు చుట్టలుగా బయటికి వచ్చింది. వీధి మొత్తం గుడ్డలు పట్టుకుని నోరు తెరుచుకుని చూసింది.

"అత్తయ్యగారూ, తప్పైపోయింది," అన్నాడు అధ్యక్షుడు. "సంచి మారిపోయింది. చూసుకోకుండా ఇచ్చేశాను. మీ చేత్తో కుట్టింది, మావయ్యగారి చొక్కాలు ఉన్నది... ఏమే, నీ కంట పడేలోపు పెట్టెలో పెట్టేద్దామనే ఈ అబద్ధాలన్నీ చెప్పాను. నల్లులూ లేవు, హోదాలూ లేవు. అన్నదమ్ములిద్దరూ ఏమీ అనలేదు. అంతా నేనే."

భార్య చేతిలో సామాను కింద పెట్టింది. "సంచి మారిపోలేదండీ. దుప్పటి అందులో పెట్టింది నేనే."

"ఆఁ?"

"ఆర్టిస్టమ్మ మనింటికొచ్చి మొక్కల సంగతి చెప్పిన రోజే అనుకున్నాను. అమ్మనడిగాను, అమ్మ సరేనంది. మీకు చెప్పాను. అన్నం తింటూ ఒకసారి, పడుకోబోతూ ఒకసారి, బస్సెక్కుతూ ఒకసారి. మూడుసార్లూ మీరు 'ఊఁ' అన్నారు. ఇవాళ పొద్దున కూడా, నే చెప్పిన చోటే ఉందా అంటే 'ఊఁ' అన్నారు!"

ఎక్కడో గుడ్డ చాటు నుంచి కిసుక్కుమన్న నవ్వు వినపడింది. తర్వాత వీధంతా ఘొల్లుమంది. బుగ్గ మొద్దుబారిన కిరాణా కొట్టాయన ఒక పక్క నోటితోనే నవ్వాడు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. దుప్పటి అంచు తడుముతూ, "చూడు నాయనా," అంది. "ఇన్నేళ్ళూ మేమే తప్పు చేశాం. కప్పుకోవడానికి కుట్టినదాన్ని చీకట్లో పెట్టి కలరా ఉండలకి అప్పజెప్పాం. మీ మావయ్య ఇలాంటి ఎండలోనే ఆ చొక్కాలేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు, నీడ కోసం ఎన్ని గడపల్లో నిలబడ్డాడో. ఆ చొక్కాలే ఇప్పుడు నలుగురికి నీడ ఇస్తాయంటే నాకంతకన్నా ఏం కావాలి? అది చూద్దామనే బస్సెక్కాను. మళ్ళీ పైన పెట్టండి."

అధ్యక్షుడికి కళ్ళు చెమర్చాయి. చెమటలో కలిసిపోయి ఎవరికీ తెలియలేదు గాని, భార్యకు తెలిసింది.

ఆయన ఆర్టిస్టమ్మ ముందుకెళ్ళి తల వంచుకుని నిలబడ్డాడు. "మీ పని నాశనం చేశాను."

ఆవిడ చుట్టూ చూసింది. మొక్కల మీద గుడ్డలు పట్టుకుని నిలబడ్డ జనాన్ని, ఇంకా నిచ్చెన మీదే ఉండి ఏదో పాత పెళ్ళి గురించి గొంతు చించుకుంటున్న అన్నదమ్ములను చూసింది. ఆవిడ మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది.

"నేను ఇంటింటికీ తిరిగి ఒక్కొక్కరి చేతా ఒక్కొక్క ముడి వేయించాను. ఒక ఇంటివాళ్ళు వేసేటప్పుడు పక్కింటివాళ్ళు లేరు. అందరినీ ఒక్కసారి గడప దిగేలా చేయడం నా వల్ల కాలేదు. మీరు ఒక్క పూటలో చేశారు," అంది. "పదండి, మళ్ళీ కడదాం. ఈసారి అందరం ఉన్నాం."

అది పొగడ్తో కాదో అధ్యక్షుడికి అంతుపట్టలేదు. కానీ ఆవిడ అప్పుడే తాడు తెచ్చి ఆయన చేతికిచ్చేసింది కాబట్టి ఆలోచించే తీరిక లేకపోయింది.

మళ్ళీ కట్టారు. హోదా గొడవ మాయమైంది, చేతికి ఏ గుడ్డ అందితే దాని పక్కన తమది ముడేశారు. వయొలిన్ టీచరమ్మ తన పరదాను స్వయంగా ఆ దుప్పటి పక్కనే కట్టి, "శుభ్రం లేనివాళ్ళు అన్నాను, క్షమించండి వదినగారూ," అంది. అన్నదమ్ములు అమ్మ బల్లగుడ్డ దగ్గర, "కొస ఎత్తు," "ఎత్తాను," "ఇంకొంచెం," అని ఒకరికొకరు నేరుగా చెప్పుకుని ముడి వేశారు. పొద్దు వాలేసరికి పందిరి మునుపటికన్నా వదులుగా, మునుపటికన్నా రంగుగా పైకి లేచింది. వాలిన ఎండ వెనక నుంచి పడితే దుప్పటిలో ప్రతి అతుకూ విడివిడిగా వెలిగింది. కూతురి మొదటి గౌను ముక్క ఎక్కడుందో అత్తగారు వేలెత్తి అందరికీ చూపించింది. మొక్కలు కూడా నెమ్మదిగా తలెత్తాయి.

ఒక్క చోట మాత్రం చిల్లు మిగిలిపోయింది. పళ్ళ డాక్టరు తెల్లకోటు. పాపం, ఆయన పరుగున వెళ్ళి డబ్బా మూత తీసేసరికి కోటు పసిపిల్లకు సరిపోయేంతగా కుంచించుకుపోయి ఉంది. సరిగ్గా అత్తగారి దుప్పటి పక్కనే కోటంత ఖాళీ, దాని కింద ఒక మొక్క ఎండలో. అందరూ అటే చూశారు. ఆర్టిస్టమ్మ కూడా చూసింది. భార్య మాత్రం భర్త వైపు చూసింది.

"వద్దే," అన్నాడు అధ్యక్షుడు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని. "ఇది పెళ్ళి కోటు."

"మీరు చేసిన చిల్లేగా," అంది ఆవిడ. అంటూనే కోటు ఆయన ఒంటి మీంచి లాగేసింది. ఆవిడే నిచ్చెనెక్కింది, ఆవిడే ముడి వేసింది, కొస ఎటు దోపిందో ఎవరికీ కనపడకుండా దోపింది. చేతులు చాచుకుని కోటు దుప్పటి భుజం పట్టుకున్నట్టు నిలబడింది, కింది మొక్క మీద నీడ పడింది. అప్పుడు గుర్తొచ్చింది అధ్యక్షుడికి, ఉపన్యాసం దాని లోపలి జేబులోనే ఉందని. ఆయన వేదికెక్కి పైకి చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అందరూ మొక్కలకి నీళ్ళు పోయండి," అని కూర్చున్నాడు. ఆయన అధ్యక్షుడయ్యాక అన్ని చప్పట్లు పడడం అదే మొదటిసారి. పక్కన అత్తగారు మొదటి చెంబు నీళ్ళు పోసి పందిరిని ప్రారంభించింది.

ఇప్పుడు మొక్కలు భుజాలు దాటాయి. గుడ్డలు ఒక్కొక్కటీ చివికి, ఆర్టిస్టమ్మ చెప్పినట్టే, మొదట్లో రాలుతున్నాయి. నల్లకోటు మాత్రం గట్టి బట్ట, ఇంకా అలాగే ఉంది. దాని చేతిలో ఒక పిట్ట గూడు పెట్టింది, ఉపన్యాసం కాగితాలు కొన్ని ఆ గూటికి పనికొచ్చాయి. ఎక్కడైనా సభ ఉందంటే చాలు, అధ్యక్షుడు ఇంట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి భార్య ముందు నిలబడి, ఆ ముడి ఎప్పుడు విప్పుతావని అడుగుతాడు.

ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తలెత్తకుండా, "ఊఁ" అంటుంది.